లిథియం బండి, నా భయం, దేవుని కాపుదల

సహోదరులారా, పట్టపగలు, అందరూ నవ్వుకుంటూ సద్దులు విప్పుకుని అన్నం తింటున్న చోట, నాకొక్కడికే చావు కళ్ళ ముందు కనబడే రోజులు ఉండేవి! ముద్ద నోట్లోకి పోయేది కాదు, పోయినా గొంతు దిగేది కాదు, గుండె దడదడా కొట్టుకుని చెవుల్లో వినబడేది, అరచేతులు చెమటతో తడిసిపోయేవి, అయినా పైకి మాత్రం నవ్వు ముఖం పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఇవాళ కోదాడ సంఘంలో మీ ముందు నిలబెట్టి నా నోరు తెరిపించిన యేసయ్యకు ముందుగా స్తోత్రం. మైకు పట్టుకున్న చెయ్యి వణుకుతోందని ముందు వరుసలో ఉన్న అక్కలు చూస్తూనే ఉన్నారు. చూడండి, దాచుకోను, ఆ వణుకు గురించి చెప్పడానికే వచ్చాను.

నా పేరు దేవదానం, మాది మాడుగులపల్లి. మిర్యాలగూడ దారిలో ఒక బియ్యం గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాను, అంటే ముందు రెండు ఇనుప చేతులుండి బస్తాల దొంతరను దొంతరగానే లేపి పైన పెట్టే బండి. నా భార్య సలోమి మీ పక్కనున్న చిలుకూరు ఆడపడుచు, అదే గోదాములో కింద రాలిన బియ్యం ఊడ్చి, చెరిగి, మళ్ళీ సంచికెత్తే ఆడవాళ్ళతో పని చేస్తుంది. ఇద్దరం ఒకే బస్సులో పోతాం, ఒకే బస్సులో వస్తాం, దేవుడు మాకిచ్చిన జీవితం అది, అందులో నాకు ఏ లోటూ లేదు.

లోటంతా సూర్యాపేటలో మొదలైంది. అక్కడ మా చెల్లె కిరాయికుండే ఇంట్లో, మెట్ల కింద ఎవరిదో బ్యాటరీ స్కూటర్ చార్జింగ్‌లో ఉండి అంటుకుంది. ఆ రోజు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. మెట్ల నిండా పొగ, దిగడానికి దారి లేదు, పిల్లల్ని చంకనేసుకుని పైకెక్కి పక్క మేడ మీదికి దాటి బతికాం. దేవుని కృప, ఎవరికీ ఏమీ కాలేదు. గాని ఆ పొగ నా ముక్కులోంచి పోలేదు. ఆ తర్వాత ఎవరైనా లిథియం బ్యాటరీ అన్నారంటే చాలు, నా ఒళ్ళు చల్లబడిపోయేది.

కొద్ది రోజులకే మా గోదాములోకి ఆ బ్యాటరీల బండ్లే వచ్చాయి! అంతకు ముందు మావి యాసిడ్ బ్యాటరీలు. వాటికొక గది వెనక వైపు వేరుగా ఉండేది, ప్రతి శనివారం మూతలు విప్పి నీళ్ళు పొయ్యాలి, యాసిడ్ పడితే బట్టలు చిల్లులు పడేవి, వాసనకు దగ్గొచ్చేది, చార్జింగ్‌కు పెడితే బండి పూటంతా పడుకునేది. కొత్త వాటికి ఆ బాధలేవీ లేవు, టీ తాగే లోపు కొంత, అన్నం తినే లోపు కొంత చార్జింగ్ పెట్టుకుంటే సాయంత్రం దాకా గుర్రంలా పరుగెడతాయి. మా గోదాములో బండ్లన్నీ తుడిచి, కడిగి చూసుకునే సైదులైతే పెండ్లికొడుకులా మురిసిపోయాడు. "దానమన్నా, ఇగ నా అంగీలు బతికినయ్!" అని అందరికీ చాయ్ పోయించాడు. నేనూ తాగాను, తాగుతూ బండి వైపే చూస్తూ కూర్చున్నాను.

ఎందుకంటే, అన్నం వేళ చార్జింగ్ పెట్టాలి గనుక చార్జరును వెనక గదిలో కాకుండా గోదాము లోపలే, తలుపు పక్క గోడకు బిగించారు. మా పెద్ద ఫ్యాను ఉండేది అక్కడే. ఎండకు మాడిపోయే ఆడవాళ్ళు సద్దులు తెచ్చుకుని కూర్చునేది కూడా ఆ ఫ్యాను కిందే. అంటే నేను బండికి చార్జింగ్ పెట్టేది, నా సలోమి ఆ బండి చక్రానికి ఒరిగి అన్నం తినేది, రెండూ ఒకటే వేళ, ఒకటే చోటు!

ఇక నా బతుకు చూడండి. ప్లగ్గు పెట్టడం, బ్యాటరీ పెట్టె మీద అరచెయ్యి వేసి వేడి చూడటం, వచ్చి కూర్చోవడం, మళ్ళీ లేచి చెయ్యి వేయడం. సద్ది డబ్బా మూత చప్పుడైనా ఉలిక్కిపడేవాణ్ణి. కొన్నిసార్లు తట్టుకోలేక "లేవండి, బయటికి పొండి!" అని అరిచి అందర్నీ ఎండలోకి తరిమాను, తీరా చూస్తే ఏమీ లేదు, ఫ్యాను మోటారు వాసన. ఆడవాళ్ళు నన్ను చూసి పడీపడీ నవ్వారు. మేనేజరు సారు నవ్వలేదు. గదిలోకి పిలిచి, "దానం, ఇంకోసారి గిట్ల ఉత్తగనే పరేషాన్ చేసినవంటే ఇంటికాడనే ఉండు, ఇటు రాకు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టను, పని ఆగితే ఆయనకూ పైవాళ్ళ మాటలుంటాయి.

సూర్యాపేట దవాఖానకు పోయాను. గుండె పరీక్ష చేసి, నీ గుండె భేషుగ్గా ఉంది, నీది ఘాబ్రా జబ్బు అని డాక్టరమ్మ మాత్రలు రాసింది. కొందరు విశ్వాసులు దయ్యమన్నారు, కొందరు దిష్టన్నారు, విశ్వాసులు దిష్టి అనడమేమిటో వాళ్ళకే తెలియాలి! మా పాస్టరు అయ్యగారు మాత్రం, మాత్రలు మానకు, ప్రార్థనా మానకు అని నా తల మీద చెయ్యి పెట్టారు. ఉపవాసమున్నాను. "ప్రభువా, ఈ భయాన్ని వేళ్ళతో సహా పెరికెయ్యి తండ్రీ, నన్ను మగాడిలా నిలబెట్టు" అని మోకాళ్ళ మీద ఏడ్చాను. మాత్రలకు కాస్త నెమ్మది వచ్చింది గాని భయం పోలేదు. నాకు దేవుని మీద కోపం కూడా వచ్చింది, అవును వచ్చింది, గుడిలో నిలబడి అబద్ధం ఎందుకు చెప్పాలి! అడిగినవాళ్ళందరికీ ఇస్తావు, నా ఒక్కడి దగ్గరికి వచ్చేసరికి చెవులు మూసుకుంటావా అని గొణుక్కుంటూ పనికి పోయేవాణ్ణి.

అంతలో దసరా వచ్చింది. సలోమీ నేనూ చిలుకూరులో అత్తగారింటికి వచ్చాం. గోదాములో ఆయుధ పూజకు బండ్లన్నీ కడిగి, పసుపు పూసి, బొట్లు పెట్టడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే. పాత బ్యాటరీల మీద తెల్లగా యాసిడ్ పొక్కులు కట్టేవి గనుక, ఆ రోజు మూత లేపి సోడా నీళ్ళతో రుద్ది, పైపు పెట్టి కడిగితేనే బండి కడిగినట్టు. సైదులు కొత్త బండికి కూడా అదే మర్యాద చేశాడు, మూత లేపి, పైపు పెట్టి, తళతళలాడేలా! వాడిది కుట్ర కాదు, ప్రేమ. ఆ సంగతి మాకెవరికీ తెలియదు.

పండుగయ్యాక పనిలో చేరాం. పొద్దున బండి బాగానే నడిచింది. అన్నం వేళ ప్లగ్గు పెట్టాను. ఆడవాళ్ళు ఫ్యాను కింద కూర్చున్నారు, సలోమి చక్రానికి ఒరిగి డబ్బా మూత తీసింది. నాకు భయం వచ్చింది. కొత్తేముంది, రోజూ వచ్చేదే గదా అనుకున్నాను. అలవాటుగా పోయి అరచెయ్యి వేశాను. వేడి తగిలినట్టుంది, గాని నా చెయ్యే వేడేమో! ఏదో తియ్యటి మందు వాసన వచ్చినట్టుంది, గాని నాకు లేని వాసనలు రావడం మామూలే గదా! తల తిప్పి చూస్తే మేనేజరు సారు తన గది అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు.

సహోదరులారా, ఆ క్షణంలో నేను పడ్డ నరకం పగవాడికి కూడా వద్దు! అరిస్తే ఏమీ లేదని తేలితే పని పోతుంది, పిచ్చివాడన్న పేరు ఖాయమవుతుంది. అరవకపోతే, ఒకవేళ నిజమైతే, నా సలోమి అక్కడే కూర్చుని ఉంది. ఏది నా జబ్బో, ఏది నిజమో నాకే తెలియకుండా పోయింది. అప్పుడు నా లోపల ప్రార్థన మారిపోయింది. "తండ్రీ, భయం తియ్యమని ఇన్నాళ్ళు అడిగాను, ఇప్పుడు అడగను. ఇది నా జబ్బే అయితే అందరి ముందు నన్ను సిగ్గుపరచు, ఫర్వాలేదు, సిగ్గుపడతాను. వీళ్ళను మాత్రం కాపాడు." అంతే! ఆమేన్ కూడా అనలేదు. గోడ మీద చార్జరుకు కరెంటు ఆపే ఎర్ర మీట నొక్కి, ప్లగ్గు గుంజేసి, ఉన్న గొంతంతా పెట్టి అరిచాను.

ఆడవాళ్ళు నవ్వారు. సలోమి ముద్ద చేతిలో పట్టుకుని, మీ కోదాడ వైపు మాటలోనే, "మళ్ళీ మొదలెట్టావా? ఒక్క పూటన్నా అన్నం తిననివ్వవా నన్ను?" అంది. నేను ఆమె రెక్క పట్టుకుని, "పిచ్చోడను, ఏమన్నా అను, ఇంటికి పోయినంక తిట్టు, గని లేవే సలోమీ, నీ కాళ్ళు మొక్కుత!" అన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది. ఏం కనబడిందో మరి, చేతిలో ముద్ద డబ్బాలో వదిలేసి లేచింది. ఆమె లేచింది గనుక తక్కినవాళ్ళూ గొణుక్కుంటూ లేచారు, కంచాలు పట్టుకుని ఎండలోకి వచ్చారు.

బయట నిలబడ్డాం. ఏమీ జరగలేదు. మేనేజరు సారు గదిలోంచి వచ్చాడు. ఏమీ జరగలేదు. ఎండకు అన్నం ఎండిపోతోందని ఒకామె విసుక్కుంది, నీళ్ళ సీసా మరిచానని ఇంకొకామె లోపలికి నడిచింది. నేను తలుపుకు అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాను, కన్నీళ్ళు కారిపోతున్నాయి, అయినా పక్కకు తప్పుకోలేదు. సారు నా దగ్గరికొచ్చి, కోపంగా కూడా కాదు, జాలిగా, "దానం, ఇగ నువ్వు ఇంటికి పో" అన్నాడు.

ఆ మాట పూర్తయిందో లేదో, లోపల ఫట్‌మని చప్పుడైంది! తెల్లటి పొగ బుస్సుమని లేచింది, మరుక్షణం మంట! సారే నా చెయ్యి పట్టుకుని వెనక్కి గుంజాడు. మిర్యాలగూడ నుంచి ఫైరింజన్ వచ్చి ఆర్పేసరికి బండి బొగ్గయింది, కొన్ని బస్తాలు పోయాయి, ఫ్యాను రెక్కలు వంగిపోయాయి, సలోమి వదిలేసిన డబ్బా మూత కరిగి నేలకంటుకుంది. ఒక్క మనిషికి ఒక్క బొబ్బ కూడా లేవలేదు! స్తోత్రం! చెప్పండి స్తోత్రం!

తర్వాత వచ్చిన ఇంజనీరు, నీళ్ళు లోపలికి దిగి తీగలు కలిసిపోయాయన్నాడు. అది వినగానే సైదులు ఎవరూ అడగకముందే వచ్చి నా ముందు కూలబడ్డాడు. "అన్నా, నేనే కడిగిన. లోపట నీళ్ళు పొయ్యాల్సిన పని లేదన్నరు గని కడగొద్దని ఎవ్వరు చెప్పలే. ఒదినె గాడనే కూసుంటదని తెలిసి కూడ కడిగిన గదన్నా!" అని గుండెలు బాదుకున్నాడు. వాణ్ణి లేపి పట్టుకుని నేనూ ఏడ్చాను. సారు వాణ్ణి తీసెయ్యలేదు, చార్జింగును మాత్రం బయట వేరే గదిలోకి మార్పించాడు. లిథియం బ్యాటరీని తిట్టడానికి నేనిక్కడికి రాలేదు సుమా, ఇప్పటికీ అదే నడుపుతున్నాను, దాని పద్ధతిలో దాన్ని చూసుకుంటే మంచి పనిముట్టే.

భయం పోయిందా అని మీరడుగుతారు. పోలేదు! మాత్రలు వాడుతున్నాను, డాక్టరమ్మ కొంచెం తగ్గించింది, ప్లగ్గు పెట్టేటప్పుడు చెయ్యి ఇప్పటికీ వణుకుతుంది. గాని సిగ్గు పోయింది. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో గుండె దడను దాచుకుని నవ్వుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, అక్కా, తమ్ముడూ, దాచుకోవద్దు, దవాఖానకు పో, ప్రార్థనకు రా, కూటం అయ్యాక నా దగ్గరికి వచ్చినా కూర్చుని మాట్లాడుకుందాం. వణికే చేతుల్ని చూసి అసహ్యపడే దేవుడు కాదు మన దేవుడు, ఆయన్ని నమ్మండి.

మొన్న అన్నం వడ్డిస్తూ సలోమి ఉన్నట్టుండి అడిగింది, "ఆ రోజు నేను లేవకపోతే ఏం చేసేవాడివి?" అని. ఆలోచించకుండానే నా నోట మాట వచ్చింది, "నీ పక్కన కూసునేటోణ్ణి." అన్నాక నాకే ఆశ్చర్యమేసింది సహోదరులారా, మూత చప్పుడుకే ఉలిక్కిపడే పిరికివాణ్ణి నేను! ఆ మాట నాలో పెట్టినవాడికే మహిమ, దేవునికే మహిమ.