ఆర్గండీ గౌను, నేను బిగబట్టిన ఊపిరి

మా చిన్నప్పుడు తెర మీద రంగులు ఉండేవి కావు... అందుకే ఊళ్లో ఆడిన ఆ సినిమాలో నాయిక వేసుకున్న కుచ్చుల గౌను ఏ రంగుదో ఆదోనిలో ఎవరికీ తెలియదు. నేను లేత పసుపు అన్నాను. వనజ గులాబి అంది. చివరికి గులాబి రంగు ఆర్గండీ గుడ్డే కొన్నారు... గౌను వనజది కదా మరి.

యాభైల నాటి మాట. నాకు పదేళ్లుంటాయి. వనజ నా తరగతిలోనే చదివేది. వాళ్ల నాన్నకు పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ ఉండేది. మా అమ్మ ఇంట్లో మిషను కుట్టేది. బడి వార్షికోత్సవానికి వనజ ఆ సినిమా పాటకే డాన్సు చేయాలి, అచ్చం ఆ గౌనే వేసుకోవాలి. ఐదు వరసల కుచ్చులు... గిర్రున తిరిగితే గొడుగులా విచ్చుకోవాలి.

చూస్తే గానీ కుట్టలేనని అమ్మ అంటే, వనజ వాళ్లమ్మ అమ్మనూ నన్నూ టూరింగ్ టాకీసుకు రెండు ఆటలకు పంపింది. ఇసుకలో కూర్చుని అమ్మ పై కుచ్చులు చూసింది, నన్ను కిందివి చూడమంది. నేను కుచ్చులు చూడలేదు... ఆ నాయిక ముఖం తీసేసి నా ముఖం పెట్టుకుని చూశాను.

అమ్మది ఎమ్మిగనూరు, మగ్గాల ఇంటి పిల్ల. బట్టను వేళ్ల మధ్య నలిపి, ఎంత గంజి పెడితే ఎంత నిలబడుతుందో చెప్పేది. సగ్గుబియ్యం గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఒక్కో కుచ్చూ సాపు చేస్తుంటే పక్కనే కూర్చుని చూసేదాన్ని. నా లంగాల మీద అమ్మ అంతసేపు ఎప్పుడూ వంగలేదు... పాత చీర చించి, గంటలో కుట్టి తొడిగేసేది.

అంతలో వనజ వాళ్ల అవ్వకు బాగాలేదని వాళ్లందరూ కౌతాళం పోయినారు. వార్షికోత్సవం ముందు రోజు గానీ రారట. వనజదీ నాదీ ఒకటే ఎత్తు, ఒకటే ఒళ్లు. దాంతో అమ్మ ఆ గౌను నాకే తొడిగి సరిచూడడం మొదలుపెట్టింది.

ఒకరోజు చేతులు లేకుండా... ఇంకోరోజు కుచ్చులు లేకుండా... ప్రతిసారీ కాసేపు నాదయ్యేది, మళ్లీ అమ్మ విప్పేసేది. వనజ నాకు ఏ చెడ్డా చేయలేదు. బడిలో తన జామకాయ కొరికి నాకు సగం ఇచ్చేది. అయినా ఆ గౌను తలుచుకుంటే ఆ పిల్ల పేరు కూడా నాకు గిట్టేది కాదు.

చివరిగా నడుం పక్కలు బిగించే రోజు వచ్చింది. అమ్మ నోట్లో గుండుసూదులు పెట్టుకుని, "కదలాకు పాపా," అంది.

నేను కదల్లేదు. కడుపు లోపలికి పీల్చి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. వనజకు పట్టకపోతే ఆ గౌను నాకే మిగులుతుంది కదా... పదేళ్ల బుర్రకు తోచింది అంతే.

అమ్మ నా కొలతకే కుట్టేసింది. ఆర్గండీ పల్చన, కుట్టు లోపల మిగిలిన గుడ్డ బయటికి కనబడుతుందని అదీ కత్తిరించేసింది.

వార్షికోత్సవం రోజు పొద్దున వనజ వాళ్లింట్లో గౌను తొడిగితే వీపున హుక్కులు కలవలేదు. వనజ గోడవైపు తిరిగి ఏడ్చింది. వాళ్లమ్మ గొంతు పెంచలేదు. "నీ సేతి మీద నమ్మకంతో ఇచ్చినాము కదమ్మా," అని మాత్రం అంది.

"తప్పు నాదేనమ్మా. కొలత తప్పినాను," అంది మా అమ్మ, తల వంచుకుని.

అక్కడే నేల మీద కూర్చుని పక్క కుట్లన్నీ విప్పింది. బట్ట ఎక్కడుంది? అడుగు వరస కుచ్చు ఊడదీసి, దాన్ని సాపు చేసి రెండు పక్కలా అతికి చేత్తో కుట్టింది. నేను సూదికి దారం ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను.

వనజ ఆడింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాలుగు వరసలే ఉన్నాయని వాళ్లెవరికీ తెలియలేదు... నాకు తెలుసు. ఏం చెప్పమంటారు, అప్పుడు కూడా నాకు కుళ్లే.

తర్వాత నాలుగు రోజులు అమ్మ ఎవరో ఇచ్చిన రవికె గుడ్డ ముందేసుకుని కూర్చునేది. కొలిచేది, మళ్లీ కొలిచేది... కత్తెర తీసుకుని పక్కన పెట్టేసేది. ఐదో రోజు ఇక చూడలేక, ఊపిరి బిగబట్టిన సంగతి చెప్పేశాను. దెబ్బలు ఖాయమనుకున్నాను.

అమ్మ చేతిలో టేపు కింద పెట్టింది. "నా సెయ్యే తప్పిందనుకొని కత్తెర పట్టల్యాకపోతాండా పాపా," అంది. అంతే. గుడ్డ దగ్గరికి లాక్కుని, ఒక్క ఊపులో కత్తిరించింది. ఆరోజు నాతో ఇంకో మాట మాట్లాడలేదు. దెబ్బలే నయమనిపించింది.

నాకు గౌను కుట్టనూ లేదు, నేను అడగనూ లేదు. వనజకు ఆ సంగతి చెప్పకుండానే పెళ్లిళ్లై చెరో ఊరికి వెళ్లిపోయాం.

ఇప్పుడు మా మనవరాలు ఫోనులో గౌన్లు తెప్పించుకుంటుంది. పట్టకపోతే మడిచి వెనక్కి పంపేస్తుంది... ఎవరి తలా వంగదు, ఎవరి చెయ్యీ ఆగదు. సుఖమే. కానీ తన ఒంటి కొలత తెలిసిన మనిషి ఈ లోకంలో ఒక్కరూ లేరు దానికి.

మీ సంగతేమిటి... ఎవరి ఒంటి మీద ఏ బట్ట చూసి మీకు కడుపు మండింది? దాచుకోకుండా రాయండి. నేను ముందే చెప్పేశాను కదా.