గాజులు తొడగబోతే ముడుచుకున్న చెయ్యి

"పుస్తకాలు చదివి పెళ్ళాన్ని బతికించుకున్నాడు" అని మా గౌడవెల్లిలో నా గురించి చెప్పుకుంటారు. నేను బడికి పోలేదు. అక్షరాలు సొంతంగా నేర్చుకుని, మేడ్చల్ గ్రంథాలయంలో బీరువాల కొద్దీ పుస్తకాలు చదివినవాణ్ణి. అందుకే ఆ మాట చెవికి ఇంపుగా ఉండి ఇన్నాళ్లూ కాదనలేదు. కానీ అది అబద్ధం. దాన్ని నమ్మి రేపు ఇంకొకరు పుస్తకం చూసి మందు మార్చితే ఆ పాపం నాదవుతుంది. జరిగింది జరిగినట్టు రాయక తప్పదు.

యుద్ధం నడుస్తున్న రోజులు. నా భార్య గొంతు మీది గడ్డ బత్తాయంత పెరిగి, మెతుకు దిగడం కష్టమైంది. పట్నం దవాఖానాలో కోసి తీశారు. ఇంటికి పంపే రోజున డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు. గొంతు గ్రంథి వెనకాల గింజలంత చిన్న గ్రంథులుంటాయట. ఒంట్లో సున్నపు సత్తువను కాపాడేది అవేనట. కోతలో వాటికి దెబ్బ తగిలి ఉండవచ్చన్నాడు. పెదవుల చుట్టూ, వేళ్ళ కొసల్లో తిమ్మిరి ఉందా అని రోజూ అడగమన్నాడు. చెవి ముందు చెంప మీద వేలితో తట్టి చూడమన్నాడు. పెదవి అదిరితే ప్రమాదం. చేతులు కొంకర్లు పోతే ఒక్క గడియ ఆగకూడదు. ఆ బిగువు గొంతుకు పాకితే ఊపిరాడదు.

నీళ్ళలో కలిపి తాగడానికి తెల్లటి పొడి ఇచ్చాడు. చేతులు బిగుసుకుంటే మేడ్చల్ డాక్టరు ఎక్కించడానికి రెండు చిన్న గాజు గొట్టాలలో సూదిమందు, ఒక చీటీ ఇచ్చాడు. గొట్టాలను దూదిలో చుట్టి అంగీ లోపలి జేబులో పెట్టుకున్నాను. అప్పట్నుంచి బోర్లా పడుకోలేదు.

పొద్దునా సాయంత్రం చెంప మీద తట్టేవాణ్ణి. ఆమె నవ్వేది.

"లేస్తె చెంపమీద కొడ్తవు, పండుకుంటె చెంపమీద కొడ్తవు. గిదేం దవాయయ్యా? అందరు మొగోళ్ళు కొడ్తరు గని, నువ్వొక్కనివే దాక్టర్ చెప్పిండని కొడ్తవు."

నేను నవ్వలేదు. ఆ పెదవి మూల కేసి ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. అదరలేదు. ఒక వారం అట్లాగే గడిచింది.

తర్వాత పొడి అయిపోయింది. యుద్ధం వల్ల మేడ్చల్‌లో దొరకలేదు. పట్నం పోవలసింది. కానీ నేను చదివినవాణ్ణి కదా. ఆ పొడిలో ఉన్నది సున్నమే అని ఒక వైద్య గ్రంథంలో చూశాను. సున్నం మా ఇంట్లోనూ ఉంది. తమలపాకుకు కొంచెం ఎక్కువ రాసి రోజుకు మూడుసార్లు నమలమన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సున్నం మొదలుపెట్టిన మూడో నాడు శామీర్‌పేటలో అత్తగారింటికి వెళ్ళాం. అక్కడ పెద్దవాళ్ళ ముందు భార్య చెంప మీద తట్టడం ఎట్లా? సిగ్గుపడి మానేశాను. "తిమ్మిరి ఉన్నదా?" అని గొణిగితే "లేదు" అన్నది. మళ్ళీ దవాఖానాకు తోలుకుపోతానని భయపడి అబద్ధమాడిందని తర్వాత తెలిసింది.

కోతకు ముందు దవాఖానాలో ఆమె గాజులు తీయించారు. పసుపుదారం కట్టుకుని ఉన్న ఆ చేతులు చూడలేక మా అత్త మర్నాడు పొద్దున్నే గాజులామెను పిలిపించింది. తూంకుంట నుంచి గాజుల మలారం ఎత్తుకుని వచ్చే ముసలి తురకామె. ఎడమ చేతికి డజను ఎక్కించింది. కుడి చెయ్యి పట్టుకుని మణికట్టు పైన ఒత్తి, కొలత చూస్తోంది. చూస్తుండగానే బొటనవేలు అరచేతిలోకి దూరింది. నాలుగు వేళ్ళూ దగ్గరయి కర్రల్లా నిలిచాయి. గాజు ఎక్కడానికి చెయ్యి ఎట్లా ముడుస్తారో అట్లాగే.

మా అత్త మురిసిపోయింది. "సూడు, నా బిడ్డకు గాజులంటె ఎంత ఆత్రమో! నువ్వు చెప్పక ముందే ముడిసింది."

నేనూ చూశాను. నేనూ నవ్వాను.

గాజులామె నవ్వలేదు. ఆ వేళ్ళను విప్పబోయింది. రాలేదు.

"బేటీ, జర నరమ్‌గ, మెత్తగ ఇడువు."

"ఇడుస్తలేదు పెద్దమ్మా," అంది నా భార్య. మాట ముద్దగా వచ్చింది.

"నలబై ఏండ్లసంది చేతులే పడుతున్న. భయంతోటి బిగిసిన చెయ్యి ఎరుక, సిగ్గుతోటి బిగిసిన చెయ్యి ఎరుక. గిది ఆమె ముడిసింది కాదు, దానంతటదే ముడుసుకున్నది. ఏయ్ అల్లుడా, ఏం సూస్తున్నవ్? జల్దీ బండి కట్టు!"

అప్పుడు తట్టాను ఆమె చెంప మీద, అందరి ముందూ. పెదవి మూల చేప నోరులా కొట్టుకుంది.

బావమరిది ఎడ్లబండి కట్టాడు. శామీర్‌పేట నుంచి మేడ్చల్ దాకా ఆ ఎండలో నేను చేసింది రెండే పనులు: ఒక చేత్తో జేబులోని గాజు గొట్టాలు పగలకుండా పట్టుకోవడం, చెవి ఆమె నోటి దగ్గర పెట్టడం. సగం దారిలో రెండో చెయ్యీ ముడుచుకుంది. ఊపిరి పీల్చినప్పుడల్లా గొంతులో సన్నగా ఈల మోగడం మొదలైంది. ఒక ఈలకూ ఇంకో ఈలకూ మధ్య నేను చదివిన పుస్తకాల్లో ఒక్క వాక్యమూ గుర్తుకు రాలేదు.

మేడ్చల్ డాక్టరు చీటీ చదివి, గొట్టం విరిచి, కుడిచేతి నరంలోకి మందు చాలా నెమ్మదిగా ఎక్కించాడు. తొందరగా ఎక్కిస్తే గుండె ఆగుతుందన్నాడు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె బొటనవేలు కేసే చూస్తున్నాను.

"ఒళ్ళంత కాగుతున్నది," అంది నా భార్య. ఈల ఆగింది. కాసేపటికి బొటనవేలు బయటికి వచ్చింది.

"పొడి ఏస్తున్నవా?" అని డాక్టరు నన్ను అడిగాడు.

చెప్పాను. ఆయన తిట్టలేదు. "చదువు మంచిదే. గని నడుమ ఆపినవు. ఎంత కావాల్నో, తాంబూలంల సున్నం దానికి సాలుతదో లేదో, గది సదువలేదు," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. మరునాడే పట్నం పోయి పొడి తెచ్చాను.

చీటీ రాసిచ్చిన పట్నం డాక్టరుకు, సూది వేసిన మేడ్చల్ డాక్టరుకు, ఎడ్లను ఆపకుండా తోలిన మా బావమరిదికి నేను రుణపడి ఉన్నాను. అందరికన్నా ముందు గాజులామెకు.

నెల తర్వాత ఆమె మా ఊరు వచ్చి కుడి చేతికి గాజులు వేసింది. వేసే ముందు, మళ్ళీ ముడుచుకుంటుందేమోనని ఆ చేతిని కాసేపు ఒత్తి పట్టుకుంది. వేళ్ళు మెత్తగానే ఉన్నాయి. ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అట్లాగే పట్టి చూస్తుంది, "పొడి తాగినవా బేటీ?" అంటుంది. ఇదంతా రాసి అందులో ఆమె పేరు పెడతానంటే ఒప్పుకోలేదు.

"నా పేరెందుకు? పేరు పెడ్తివంటె ఊరూర్ల రోగులంత నా ఎంబడి వడ్తరు. ఇగ గాజులెవరు తొడగాలె?"

అందుకే ఎవరి పేరూ రాయలేదు.