కౌకబ్ అడిగిన ఒక్క పేరు

చనిపోయిన రోజు మధ్యాహ్నం కౌకబ్ చివరిగా చేసిన పని, బాల్కనీలో కూర్చుని లేత సొరపిందెల్లాంటి కూసా కాయల్లో గుజ్జు తొలవడం. లోపల బియ్యం, కీమా కూరాలంటే కాయ చిట్లకుండా తొలవాలి. ఒకటి చిట్లింది. "నా చేతులు బాగానే ఉన్నాయి, ఈ కాయలే పనికిమాలినవి," అంటూ దాన్ని పక్కన పడేసి, కింద వీధిలో ఉన్న కూరగాయల బండివాణ్ణి పిలిచి మరీ తిట్టింది.

వాడు తలెత్తి చూసి, "నీ చెయ్యి చల్లగుండ, ఉమ్మ్ సుహా! నిన్న ఇవే కాయల్ని వెన్నలా ఉన్నాయన్నావు," అన్నాడు.

"నిన్న నీ మొహం చూసి జాలిపడ్డాన్లే," అంది కౌకబ్.

ఉమ్మ్ సుహా అంటే సుహా తల్లి. ఆ కూతురు సుహా కాఫీ పట్టుకుని వచ్చేసరికి తల్లి తల బాల్కనీ ఊచలకు ఆనుకుని ఉంది. గిన్నెలో కాయలన్నీ తొలిచి ఉన్నాయి.

అప్పటికి కౌకబ్ తమ చర్చి పాదిరి అబూనా ఇలియాన్‌తో మాట మానేసి చాలా రోజులైంది. ఎందుకు మానేసిందో మీనా రేవులో తెలియనివాళ్ళు లేరు. ఆమె ఆ పాదిరిని కోరింది ఒక్కటే. చచ్చిపోయిన తన భర్త పేరు చర్చిలో, తన పుట్టింటి చనిపోయినవాళ్ళ పేర్లతో పాటు చదవాలి. ఆయన చదవనన్నాడు. భర్త హిల్మీ ముస్లిం.

హిల్మీ రేవులో పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. పెళ్ళినాడు రెండు ఇళ్ళవాళ్ళూ చావు వచ్చినట్టు ఏడ్చారు, సుహా పుట్టాక నోళ్ళు మూశారు. కలిసి బతికినంత కాలం మొగుడూ పెళ్ళాలకి దేవుడి దగ్గర తగాదా రాలేదు, ఉప్పు దగ్గరే వచ్చేది. రంజాన్ నెలలో ఆ మేడలోని ముస్లిం ఆడవాళ్ళంతా గరిటెలు పట్టుకుని కౌకబ్ గుమ్మానికే వచ్చేవాళ్ళు. ఉపవాసంలో వాళ్ళు కూర రుచి చూడకూడదు, ఆమె చూడొచ్చు. "ఈ మేడలో నెల రోజులూ ఉప్పు చూసింది నేను, పుణ్యం మాత్రం మీకు," అని దెప్పేది. అలాంటి మనిషికి హిల్మీ పోయాక మతాల గురించి అనుమానాలు మొదలయ్యాయి. ఒక్కో అనుమానానికీ ఒక్కో పెద్దమనిషి దగ్గరికి బయలుదేరేది. లిఫ్టు పనిచెయ్యని మేడ మెట్లు దింపి, కారెక్కించి, అక్కడ తల్లి అన్నమాటలకి క్షమాపణలు చెప్పి మళ్ళీ మెట్లెక్కించడం సుహా వంతు.

మొదట సమాధి సంగతి పట్టుకుంది. రేవు మసీదు ఇమాము షేక్ సఫ్వాన్ హిల్మీకి చిన్ననాటి స్నేహితుడు. ఆయన గదిలో, ఆయన పుస్తకాల మధ్య కూర్చుని సూటిగా అడిగింది.

"షేక్‌గారూ, నన్ను మా ఆయన పక్కన పెడతారా?"

"ఉమ్మ్ సుహా, నువ్వు షహాదా పలికి మా మతంలోకి వస్తే..."

"ఆ రెండు ముక్కలు నాకూ నోటికి వచ్చు. నమ్మకుండా పలికితే దేవుడికి తెలీదా? మీకూ నాకూ కలిపి అబద్ధం రాస్తాడు. మామూలుగా, నేను నేనుగా ఉంటే?"

షేక్ సఫ్వాన్ మొహమాటస్థుడు. లేదని ఒక్క మాటలో చెప్పలేక పుస్తకాలు తిరగేశాడు. "ఒక సందర్భం ఉందమ్మా. ముస్లిం భార్య అయిన క్రైస్తవురాలు కడుపుతో చనిపోతే, ఆ బిడ్డ కోసం మా భూమిలో పెట్టొచ్చని కొందరు పెద్దలన్నారు. అప్పుడామె వీపు ఖిబ్లా వైపు, అంటే మక్కా దిక్కుకి ఉంచాలి. కడుపులో బిడ్డ మొహం తల్లి వీపు వైపు తిరిగి ఉంటుంది కనక."

కౌకబ్ ఆయన వైపు చూసింది. తర్వాత తన మోకాళ్ళ వైపు చూసుకుంది.

"ఈ వయసులో నన్నేం చెయ్యమంటారు షేక్‌గారూ?"

సుహాకి నేల చీలి తనని మింగేస్తే బాగుండుననిపించింది. షేక్‌గారి గడ్డం వణికింది, నవ్వో సిగ్గో తెలియలేదు. దిగి వచ్చేటప్పుడు మాత్రం కౌకబ్ ఎంతో గౌరవంగా, "పాపం, వెతికాడు కదమ్మా," అంది. "మట్టి సంగతి వదిలేద్దాం. ఆయన మట్టిలో ఆయన, నా మట్టిలో నేను. పేరు సంగతి చూద్దాం."

పేరు సంగతంటే ఇది. ఏటా ఆత్మల శనివారం నాడు ఆర్తొడాక్స్ ఇళ్ళవాళ్ళు చర్చికి గుండ్రటి రొట్టె, పంచదార కలిపిన ఉడికిన గోధుమలు, తమ ఇంట్లో చనిపోయినవాళ్ళ పేర్లు పంపిస్తారు. పాదిరి ఆ పేర్లన్నీ పైకి చదువుతాడు. హిల్మీ పోయిన తర్వాత వచ్చిన మొదటి ఆత్మల శనివారానికి కౌకబ్ తన తల్లి పేరు, తండ్రి పేరు, అన్న పేరు ఇచ్చి, చివర హిల్మీ పేరు చేర్చింది. అబూనా ఇలియాన్ అన్నీ చదివి ఆ ఒక్కటీ వదిలేశాడు. పూజ అయ్యాక ఆమె చర్చి గుమ్మంలోనే పట్టుకుంది.

"అబూనా, మా ఆయన పేరు మింగేశారే?"

"బాప్తిస్మం పొందినవాళ్ళ పేర్లే చదవాలి, ఉమ్మ్ సుహా. అది నా ఇష్టం కాదు."

"రేవులో హిల్మీ నీళ్ళలో పడని వారం లేదు. ఇంకెంత ముంచాలి మీకు?"

"నవ్వులాట కాదమ్మా."

"నేను నవ్వుతున్నానా? దేవుడికి హిల్మీ తెలుసా, తెలీదా? తెలిస్తే మీకేంటి అడ్డం? తెలీకపోతే మీరే కదా చెప్పాల్సింది?"

అబూనా ఇలియాన్‌ది పొట్టి మెడ, పెద్ద గొంతు. కోపం వస్తే మెడంతా ఎర్రబడేది. "మా పై అధికారులనడుగు," అనేసి లోపలికి వెళ్ళిపోయాడు. అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత ఎన్నోసార్లు అనుకుని ఉంటాడు. కౌకబ్ నిజంగానే వెళ్ళింది.

కొండ మీది మఠంలో డాక్టర్ స్పిరిదోన్ అనే వేదాంత పండితుడుండేవాడు. సన్నటి చేతులు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలు. వాళ్ళని కూర్చోబెట్టి నారింజ పూల నీళ్ళు కలిపిన షర్బత్ ఇచ్చి, రక్షణ అంటే ఏమిటో మొదలుపెట్టాడు. కిటికీలో ఎండ ఈ గోడ మీంచి ఆ గోడ మీదికి పోయింది. దేవుడి కరుణ చర్చి గోడల దగ్గర ఆగిపోదన్నాడు. అయినా గోడలకి అర్థం ఉందన్నాడు. పూర్వపు తండ్రులు ఇలా అన్నారన్నాడు, ఇంకొందరు అలా కాదన్నారన్నాడు. కౌకబ్ నోరెత్తకుండా విన్నది, అది చూసి సుహా భయపడింది.

చివరికి కౌకబ్ ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టి, "అయితే చదవొచ్చా, చదవకూడదా?" అంది.

"అది చాలా లోతైన ప్రశ్న, తల్లీ."

"లోతు నేనడగలేదు నాయనా. ఒక్క పేరు అడిగాను. మూడు అక్షరాలు కూడా లేవు."

తిరుగు దారంతా సుహా మీద విసుక్కుంది. "ఎంత చదువుకున్నాడో చూడు. అవునూ అన్నాడు, కాదూ అన్నాడు, షర్బత్ కూడా ఇచ్చాడు. మీ నాన్న అయితే ఇంజన్ విప్పి చెడిపోయిందో లేదో చెప్పేవాడు."

"నాన్న కూడా అంత త్వరగా చెప్పేవాడు కాదమ్మా. నెలల తరబడి పడవలు అక్కడే పడుండేవి."

"నువ్వెవరి వైపు?"

మరుసటి ఏడు ఆత్మల శనివారానికి కౌకబ్ కొత్త ఆలోచన చేసింది. చర్చిలో చదవకపోతే పోనీ, హిల్మీ పేరు మీద గోధుమలు ఉడికించి షేక్ సఫ్వాన్ ఇంటికి పంపిస్తుంది, ఆయన తిని దువా చేస్తాడు. బాదం, వాల్‌నట్‌లు, దానిమ్మ గింజలు చల్లి, పళ్ళెం నిండా సర్ది సుహా చేతికిచ్చింది. షేక్‌గారు ఇంట్లో లేరు. ఆయన భార్య ఉమ్మ్ జియాద్ తలుపు తీసి, పళ్ళెం చూసి, ఒక్కసారిగా సంతోషంతో, నాలుక ఆడిస్తూ గట్టిగా జగ్రూతలు తీసింది. పక్కింటివాళ్ళు కూడా తొంగి చూశారు.

"ముబారక్! ముబారక్! ఎవరికమ్మా పన్ను వచ్చింది?"

ముస్లిం ఇళ్ళల్లో ఆ వంటకం చేసేది పసిబిడ్డకి మొదటి పన్ను మొలిచినప్పుడు. సుహాకి పెళ్ళే కాలేదు. ఉమ్మ్ జియాద్ ఆమె వైపు అడ్డంగా, ఆశగా, కొంచెం అనుమానంగా చూసింది. ఆ మూడు చూపులకీ జవాబు చెప్పే ఓపిక సుహాకి లేకపోయింది. "పిన్నీ, ఇది మా నాన్న చావుకి," అంది. ఉమ్మ్ జియాద్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అప్పటికే పళ్ళెం సగం పక్కింటి పిల్లల చేతుల్లో ఉంది.

సాయంత్రం షేక్ సఫ్వాన్ స్వయంగా వచ్చి కౌకబ్ ఎదురుగా కూర్చున్నాడు. "హిల్మీ కోసం నేను రోజూ దువా చేస్తూనే ఉన్నాను. గోధుమలు పెట్టక్కర్లేదు," అన్నాడు.

"మరి నేను పోతే నా కోసం చేస్తారా?"

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "నువ్వు బతికున్నంతకాలం నీ కోసం ఎంతైనా అడుగుతానమ్మా. మతం వేరైనవాళ్ళు పోయాక మాత్రం మా నోళ్ళు కట్టేసి ఉంటాయి."

"అయితే ఇప్పుడే ముందుగా కానిచ్చెయ్యండి. నేను కాఫీ పెట్టుకొస్తాను."

ఆయన నిజంగానే చేతులు చాచి కూర్చున్నాడు. కౌకబ్ వంటింట్లో కాఫీ పొంగించుకుంది.

ఈ తిరుగుళ్ళతో సుహా ఒకరోజు అలసిపోయి అరిచింది. "ఎందుకమ్మా ఇంత మొండితనం? ఆ పేరు చదివితే నాన్నకి ఏం ఒరుగుతుంది? నువ్వు నమ్ముతున్నావా?"

కౌకబ్ తువ్వాలు మడతపెడుతూ, తిట్టకుండా, మామూలు గొంతుతో చెప్పింది. "నేను పోయాక అక్కడ మా అమ్మని పిలుస్తారు, నాన్నని పిలుస్తారు, మా అన్నని పిలుస్తారు. అందరూ వస్తారు. మీ నాన్న ఎవరూ పిలవకపోతే దూరంగా చేతులు కట్టుకుని నిలబడతాడు. ఆయనకి బిడియం ఎక్కువ. పిలవందే రాడు."

ఇక సుహా ఆ విషయంలో తల్లిని ఎప్పుడూ ఏమీ అనలేదు.

చివరి ఆత్మల శనివారం నాడు కౌకబ్ ముందు వరసలో కూర్చుంది. అబూనా ఇలియాన్ పేర్లు చదువుతున్నాడు. ఆమె పుట్టింటి పేర్లు వచ్చాయి, అన్న పేరు దగ్గర ఆగి, తర్వాతి ఇంటివాళ్ళ పేర్లకి పోబోతున్నాడు. కౌకబ్ లేచి నిలబడింది. చేతికర్రతో నేల మీద ఒకసారి తట్టి, "హిల్మీ!" అంది. అబూనా ఇలియాన్ ఆమె వైపు చూశాడు. మెడ ఎర్రబడింది. పెదవులు కదిలాయి. తర్వాత వేరే ఇంటి చచ్చినవాళ్ళ పేర్లు మొదలుపెట్టాడు.

ఆ రోజు నుంచి ఆమె చర్చికి పోలేదు. ఈస్టర్‌కీ పోలేదు. అబూనా ఇలియాన్ ఇల్లు దీవించడానికి వచ్చినప్పుడు కాఫీ ఇచ్చింది. చావింట్లో ఇచ్చే చక్కెర లేని చేదు కాఫీ. ఆయన ఆఖరి చుక్క దాకా తాగి, గదులన్నీ దీవించి, మెట్లు దిగిపోయాడు.

ఆమెని ఆర్తొడాక్స్ శ్మశానంలో, తల్లిదండ్రుల పక్కన పెట్టారు. ప్రార్థనలు చెప్పింది అబూనా ఇలియానే. షేక్ సఫ్వాన్ తలగుడ్డ సర్దుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాడు, ఉమ్మ్ జియాద్ ఆడవాళ్ళ వైపు వచ్చి సుహా చెయ్యి పట్టుకుని కూర్చుంది. తల్లికి ఆఖరి కోరిక తీరలేదని సుహా ఓదార్పుల మూడు రోజులూ లోలోపల రగిలిపోయింది. ఓదార్పుకి వచ్చిన ప్రతి గడ్డాన్నీ పట్టుకుని ఊపాలనిపించింది.

నలభయ్యో రోజు ప్రార్థనకి రొట్టె ఇవ్వడానికి ఉదయాన్నే చర్చికి వెళ్ళింది. అక్కడ దీపాలు చూసే ముసలి మీతరీ ఒక్కడే ఉన్నాడు. ధూపపు కుండలో బొగ్గులు ఊదుతున్నాడు.

"ఇదిగో రొట్టె. మా అమ్మ పేరు ఒక్కటే చదవమను," అంది సుహా. "మా నాన్నది ఎలాగూ మీరు చదవరుగా."

మీతరీ ఊదడం ఆపాడు. "చదవరు. ముక్క తీస్తారు."

"ఏ ముక్క?"

"పూజకి ముందు తెర వెనక అబూనా రొట్టెల్లోంచి చిన్న కత్తితో ముక్కలు తీస్తాడు కదమ్మా, చచ్చినవాళ్ళకి మనిషికో ముక్క. పేరు గొణుక్కుంటూ పళ్ళెంలో పెడతాడు. అది జనానికి కనపడదు, వినపడదు. మీ నాన్నది తీస్తాడు. మొదటి ఏడు నుంచీ తీస్తున్నాడు. పక్కన కత్తి తుడిచేది నేనే."

సుహా అక్కడే ఉన్న బల్ల మీద కూలబడింది. "మరి మా అమ్మకి చెప్పొచ్చు కదా!" అని అరిచింది. ఖాళీ చర్చి కావడంతో ఆ అరుపు పైకప్పు దాకా పోయింది. "ఇన్నేళ్ళు! ఆ కొండా, ఆ మెట్లూ, ఆ గోధుమలూ! ఒక్క మాట చెప్పొచ్చు కదా ఆ మనిషి!"

"చెబితే ఏమయ్యేది?" అన్నాడు మీతరీ మెల్లగా. "మీ అమ్మ సంగతి నీకు తెలీదా? మధ్యాహ్నానికల్లా చేపల బజారంతా తెలిసేది, సాయంత్రానికి పై అధికారులకి తెలిసేది. మర్నాటి నుంచి అది కూడా ఉండేది కాదు. ఎన్నిసార్లు చెప్పబోయి నాలిక కొరుక్కున్నాడో ఆయనకే తెలుసు."

మీతరీ బొగ్గుల మీద మళ్ళీ ఒకసారి ఊది, రొట్టె అందుకున్నాడు. కౌకబ్ లేచి అరిచిన శనివారం నాడు కూడా అంతేనని చెప్పాడు. ఆమె ఇంకా ఇంటి మెట్లు దిగకముందే, గంట కొట్టకముందే, హిల్మీ ముక్క పళ్ళెంలో ఉంది.