సవానాలో తిన్న రవ్వ

ఇవాళ పొద్దున మా వీధి మలుపులో ఎవరో ఆర్వీ, అదే వంటిల్లూ పడకలూ ఉండే ఇంటిబండి, తెచ్చి నిలిపారు. పాపని స్కూల్ బస్ ఎక్కించి వెనక్కి వస్తుంటే దాని తలుపు తెరిచి ఉంది. లోపల్నించి పాత కార్పెట్, గ్యాసు, ఎప్పుడో కాగిన నూనె కలిసిన వాసన వచ్చింది. ఆ వాసనకే నా భుజాలు నొప్పెట్టాయి. కొన్ని అలసటలు తీరిపోయాయనుకుంటాం గానీ, ఒంట్లో ఏదో మూల అద్దెకుంటాయి. ఇంట్లో అందరూ పడుకున్నారు కాబట్టి ఇప్పుడు కూర్చుని ఇది రాస్తున్నాను.

అప్పటికి పాపకి రెండేళ్ళు నిండలేదు. మేం కమ్మింగ్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని ఏడాదయింది. పాప తినేది కాదు. పిల్లలు సరిగ్గా తినరని ప్రతి తల్లీ అంటుంది, కానీ మా పాప నిజంగానే తినేది కాదు. డాక్టర్ కంప్యూటర్‌లో పాప బరువు గీత చూపించింది. మిగతా పిల్లల గీతలు పైకెక్కుతుంటే మా పాపది పడుకుని ఉంది. "ఆరు వారాల తర్వాత మళ్ళీ తూచి చూద్దాం, అప్పటికీ పెరగకపోతే స్పెషలిస్ట్ దగ్గరికి పంపిస్తాను" అంది. ఆ తర్వాత ఆవిడ ఏం చెప్పిందో నాకు వినపడలేదు. ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. పాప ఎన్ని స్పూన్లు మింగింది, ఎన్ని ఉమ్మింది, అంతే.

ఆ తూకం మంగళవారం అనగా, దాని ముందు వచ్చిన లాంగ్ వీకెండ్‌కి మా వారు ఆర్వీ రెంట్ చేసి సవానా అనే ఊరు వెళదామన్నారు. "హోటల్ అయితే పాప తిండికి ఇబ్బంది అని నువ్వే అంటావుగా. ఇందులో కిచెన్ ఉంటుంది" అన్నారు. మామూలుగా మనుషులు ఊరిని బట్టి ప్రయాణం పెట్టుకుంటారు. మేం స్టవ్‌ని బట్టి పెట్టుకున్నాం. రైస్ కుక్కర్, ఇడ్లీ పాత్ర, మూడు రకాల ఉగ్గు పొడులు, పెరుగు, నెయ్యి, మాగాయ, వీటితోపాటు ఆరు నెలల విజిట్ మీద వచ్చిన మా అత్తగారు. దారి పొడవునా అల్మారాల్లో గిన్నెలు కచేరీ చేశాయి. అంత పెద్ద బండి నడపడం మా వారికి అదే మొదటిసారి. ఆయన మలుపు తిప్పినప్పుడల్లా మేం ముగ్గురం ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆర్వీలు నిలిపే కాంప్‌గ్రౌండ్‌కి చేరాక ఆయన గ్లవ్స్ వేసుకుని బండి టాయిలెట్ మురుగు గొట్టం బిగిస్తుంటే మా అత్తగారు కిటికీలోంచి చూసి, "వీణ్ణి ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా" అన్నారు. ఆయన తల ఎత్తకుండానే, "అమ్మా, నువ్వు కాసేపు లోపల కూర్చో" అన్నారు.

ఆ సాయంత్రం పాప ఉగ్గు నోట్లో పెట్టగానే నా చున్నీ మీద ఉమ్మేసింది. "దిష్టే తల్లీ. బయల్దేరేటప్పుడు ఎదురింటావిడ సో క్యూట్, సో క్యూట్ అని రెండుసార్లంది, నేను విన్నా" అని అత్తగారు ఎండుమిరపకాయలు తీసి పాప చుట్టూ తిప్పి, నేను వద్దనేలోపే స్టవ్ మీద వేశారు. ఆ అగ్గిపెట్టెంత కిచెన్‌లో ఒక్క నిమిషంలో పొగ కమ్మేసింది, అలారం చెవులు పగిలేలా మోగింది. దగ్గుకుంటూ అందరం బయటపడ్డాం. పక్క ఆర్వీ పెద్దాయన నిక్కరుతో, చేతిలో మంటలార్పే సిలిండర్‌తో పరిగెత్తుకొచ్చాడు. మా వారు ఆయనకి దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో ఎక్స్‌ప్లెయిన్ చేస్తుంటే అత్తగారు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు వంగి, "ఇంత ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే. మరెందుకు తినదే ఇది?" అన్నారు.

సవానా అందమైన ఊరని అంటారు. నేను చూశాననే చెప్పాలి. నాలుగు వీధులకొక పార్కు, పార్కు నిండా పెద్ద పెద్ద చెట్లు, కొమ్మల నుంచి బూడిదరంగు నాచు వేలాడుతూ ఉంటుంది. "చెట్లకి జడలు కట్టాయేమిటి, దువ్వేవాళ్ళు లేరా" అన్నారు అత్తగారు. నేను మాత్రం ప్రతి పార్కునీ పెరుగన్నం డబ్బాతో పాప వెనక తిరిగిన చోటుగానే ఎరుగుదును. ఒకచోట ఫౌంటెన్ చూపించి ఒక ముద్ద, ఇంకొకచోట గుర్రపు బండి చూపించి అర ముద్ద. నది పక్క వీధిలో రాళ్ళు పరిచిన దారి, పాపని తోసే స్ట్రోలర్ చక్రాలు ఇరుక్కుపోయేవి. అక్కడొక మిఠాయి కొట్టులో వేడివేడిగా పప్పుచెక్కల్లాంటివి చేసి వచ్చినవాళ్ళకల్లా రుచి చూడమని ముక్కలు ఇస్తున్నారు. అత్తగారు ఒకసారి తీసుకుని, కొంగు తల మీదుగా కప్పుకుని వెళ్ళి మళ్ళీ తీసుకున్నారు. మా వారు రొయ్యల ప్లేటు కొనుక్కుని నిలబడే తిన్నారు. "నువ్వూ కొంచెం తిను" అని నా ముందు పెట్టారు. పాప తిన్నాక తింటానన్నాను. పాప తినలేదు.

మూడో రోజు పొద్దున నేను లేవలేకపోయాను. కళ్ళు తెరిచేసరికి పది, బండిలో ఎవరూ లేరు. చెప్పులు వెతుక్కుంటుంటే ముగ్గురూ తలుపు తీసుకుని వచ్చారు.

"నీ కూతురు గిన్నెడు తినొచ్చింది" అన్నారు అత్తగారు.

"ఏం తింది? ఎంత? మింగిందా?"

"మింగక జేబులో వేసుకుందా? గేటు పక్కన టిఫిన్ హోటల్ లేదూ, అక్కడ. గ్రిట్స్ అంట. మన మొక్కజొన్న రవ్వే. ఉప్పేసి మెత్తగా ఉడికించి పైన వెన్న పడేశారు. నేను తింటుంటే నా గిన్నెలో చెయ్యి పెట్టింది."

ముందు సంతోషమే కలిగింది. ఆ వెనకే ఇంకొకటి కలిగింది, దాన్ని అసూయ అనడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఏడాదిగా నేను బతిమాలుతున్నది ఆవిడకి ఉత్తినే దొరికింది.

మధ్యాహ్నం నేనే అందర్నీ అక్కడికి లాక్కెళ్ళాను. బిబ్, మెత్తటి స్పూన్, తడి గుడ్డ, అన్నీ పట్టుకుని. గిన్నె రాగానే చల్లార్చి స్పూన్ అందించాను. పాప పెదాలు బిగించి తల తిప్పేసుకుంది. రెండోసారి, మూడోసారి.

"నీ గిన్నె ఏది?" అన్నారు అత్తగారు.

"నాకెందుకండీ. పాప తిన్నాక చూద్దాం."

"నువ్వు తినడం అది ఎప్పుడైనా చూసిందా?"

పిల్ల కడుపు నిండందే తల్లి కంచం ముందు కూర్చోకూడదని మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు, అందరూ చేసి చూపించారు. పాప నిద్రపోయాక సింక్ దగ్గర నిలబడి చల్లటి అన్నం తినడం నా అలవాటు. మా పాప చూసిన తల్లి ఎప్పుడూ ఎదురుగా కూర్చుని తన నోటి వైపే చూసే మనిషి.

అత్తగారు వడ్డించే ఆవిడకి నన్ను చూపించి, ఇంకొకటి అన్నట్టు ఒక వేలెత్తారు. ఆవిడ ఇంకో గిన్నె తెచ్చి, "తిను హనీ, చాలా అలిసిపోయినట్టున్నావు" అని ఇంగ్లీషులో అని, నా భుజం మీద చెయ్యేసి వెళ్ళింది. అత్తగారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న స్టీలు డబ్బా తీసి నా గిన్నెలో మాగాయ ఊట రెండు చుక్కలు వేశారు. "తిను. పిల్లని చూడకు."

తిన్నాను. వేడి, ఉప్పు, వెన్న, కొంచెం పులుపు. వేడిగా ఉండగానే ఏదైనా తిని ఎన్నాళ్ళయిందో. సగం గిన్నె అయ్యేదాకా ఎదురుగా పిల్ల ఉందన్న సంగతే మర్చిపోయాను. అప్పుడు ఒక చిన్న చెయ్యి వచ్చి నా గిన్నె అంచు పట్టుకుంది. నేను తల తిప్పబోతే బల్ల కింద అత్తగారు నా కాలు తొక్కారు. "చూడకు అన్నానా!"

మంగళవారం తూకంలో పెద్ద అద్భుతమేమీ జరగలేదు. గీత కాస్త లేచింది, డాక్టర్ మూడు నెలల తర్వాత రమ్మంది, స్పెషలిస్ట్ మాట ఎత్తలేదు. ఆ మూడు నెలలూ నేను పాప పక్కన కూర్చుని కిటికీ వైపు చూస్తూ అన్నం తినడం నేర్చుకున్నాను. నాకది తేలిగ్గా రాలేదు. ఇప్పుడు పాప కార్లో తింటుంది, హోంవర్క్ చేస్తూ తింటుంది, ఎంత తిన్నదో నేను అడగడం కూడా మర్చిపోతుంటాను. అప్పుడు ఒక్క ముద్ద దిగడానికి గంట పట్టేది. ఈ గంట గడిస్తే చాలు, ఈ వారం గడిస్తే చాలు అని పాప చిన్నతనమంతా త్వరగా వెళ్ళిపొమ్మని కాలాన్ని నేనే బతిమాలాను, అది నా మాట విన్నది.