ఫార్మాట్ నొక్కనివ్వని ఆంటీ

"వీడు ఏ పనీ చివరిదాకా చెయ్యడు" అనేవారు మా తొమ్మిదో తరగతి మాస్టారు. పెద్దాయన మాట పోకూడదని పదిలోకి వెళ్లకుండానే బడి మానేశాను. అలాంటి నేను 2023 నాటికి ఆక్లాండ్‌లోని పాపటోయిటోయిలో, చీరల కొట్టుకీ మిఠాయి కొట్టుకీ మధ్య, ఫోన్లూ కంప్యూటర్లూ బాగుచేసే షాపు నడుపుతున్నాను.

ఇక్కడ చలికాలమైన జూలైలో ఓ గురువారం పొద్దున్నే సుభద్ర ఆంటీ వచ్చారు. దగ్గర్లోని ఫ్లాట్ బుష్‌లో తన ఇంటి గరాజ్‌లో పిల్లలకు కూచిపూడి నేర్పుతారు. చేతిలో ల్యాప్‌టాప్, దానికి వేలాడుతూ ఓ ఎక్స్‌టర్నల్ డ్రైవ్. ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని విండోస్ అడుగుతోంది.

"నొక్కేశారా?" అన్నాను.

"అడిగినవన్నీ ఇచ్చేదాన్నైతే నా క్లాసుకి రోజూ సెలవే. నొక్కలేదు."

అందులో ఉన్నవి ఆమె గురువుగారు పాడిన పాటలు. ఆయన ఇప్పుడు లేరు. అరిగిపోయిన క్యాసెట్ల నుంచి వాటిని వెల్లింగ్టన్‌లో ఉన్న కూతురు శుభ్రం చేసి, తన మ్యాక్ నుంచి ఈ డ్రైవ్‌లోకి ఎక్కించింది. చోటు చాలక మ్యాక్‌లోవి తీసేసింది. శనివారం హాల్లో పిల్లల ప్రదర్శన ఆ పాటల మీదే. హాల్లో మ్యాక్ ఉంది, రిహార్సల్‌కి ఆంటీ దగ్గర విండోస్ ఉంది.

ఫార్మాట్ అంటే డ్రైవ్ లోపల సామాను సర్దే పద్ధతి. మ్యాక్ పద్ధతిలో సర్దితే విండోస్‌కి తలాతోకా తెలియదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని మ్యాక్ చదువుతుంది, అందులో రాయదు. పాత ఫ్యాట్32 అందరికీ చుట్టమే, కానీ నాలుగు జీబీ దాటిన ఫైల్‌ని గడప తొక్కనివ్వదు. ఆంటీ రిహార్సల్ వీడియోలు అంతకన్నా పెద్దవి. ఇద్దరికీ కుదిరేది ఎక్స్‌ఫ్యాట్.

"పాటలు నా కంప్యూటర్లో దాచి, ఈ డ్రైవ్‌నే ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చేస్తాను. ఫార్మాట్‌కి రెండు నిమిషాలు ఆంటీ."

"దాచావని నాకెలా తెలుస్తుంది?"

"స్క్రీన్ మీద చెప్తుందిగా."

"స్క్రీన్‌కి తాళం తెలుసా? ఇంకో డ్రైవ్‌లోకి ఎక్కించు. నేను విన్నాకే దీన్ని ముట్టుకోవాలి."

స్టూలు లాక్కుని కూర్చున్నారు. కొత్త డ్రైవ్ తీసి ఎక్స్‌ఫ్యాట్ చేసి, షాపులోని మ్యాక్ మీద కాపీ పెట్టాను. ఇంతలో ఫోన్ అద్దం పగిలిందని ఒకాయన వస్తే అటు తిరిగాను. స్క్రీన్ మీద కాపీ బార్ నిండిందో లేదో, ఆంటీ కొత్త డ్రైవ్ పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టేసుకున్నారు.

"ఇదేమన్నా ఫోన్ ఛార్జరా ఆంటీ, పీకెయ్యడానికి? ముందు ఎజెక్ట్ నొక్కాలి."

"వస్తున్నాయి కదా పాటలు!"

వస్తున్నాయి. కౌంటర్ మీద చేత్తో తాళం వేస్తూ ఒక్కొక్కటీ చివరిదాకా విన్నారు. చిట్టచివరి పాట, తరంగం, సగంలో ఉండగా ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. టైమ్ నడుస్తోంది, గొంతు మాత్రం లేదు.

"మా గురువుగారు ఇక్కడ ఆగరు," అన్నారు.

ఎక్స్‌ఫ్యాట్‌కున్న బలహీనత అదే. బార్ నిండినట్టు కనిపించినా లోపల రాత ఇంకా పూర్తయి ఉండకపోవచ్చు. ఎజెక్ట్ నొక్కితే కంప్యూటర్ ఆ రాత ముగించుకుని పక్కకు జరుగుతుంది. నొక్కకుండా లాగితే ఆఖరి ఫైల్‌కి దెబ్బ. పాత డ్రైవ్‌ని ముట్టనివ్వలేదు కాబట్టి బతికిపోయాం. మళ్లీ ఎక్కించాను, ఎజెక్ట్ నొక్కాను, ఈసారి ఆవిడ చెయ్యి చివరిదాకా తాళం వేసింది. నా రెండు నిమిషాల మాట నెగ్గి ఉంటే ఆ గొంతు ఏమయ్యేదో!

అప్పటి నుంచి ఎవరి డ్రైవ్ వచ్చినా ముందు ఏయే మెషిన్లకు పెడతారని అడుగుతాను. వాళ్లు కాపీ తెరిచి చివరిదాకా చూసుకున్నాకే ఫార్మాట్ జోలికి వెళ్తాను.

శనివారం హాల్లో వెనక వరసలో నిలబడ్డాను. తరంగంలో గురువుగారి గొంతు ఎక్కడా ఆగలేదు. పిల్లలూ ఆగలేదు. తరంగం అవగానే, షాపు తియ్యాలి కాబట్టి, మంగళం దాకా ఉండకుండా మెల్లగా జారుకున్నాను. మర్నాడు ఆంటీ ఫోన్ చేశారు.

"ఎజెక్ట్ నొక్కమని నాకు పాఠం చెప్పి, నువ్వేంటయ్యా చెప్పాపెట్టకుండా ఊడిపోయావ్?"