చదవని పుస్తకానికి పూచీ

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్ల సంఘానికి ఒక హాలు ఉంది. హాలు వెనక చిన్న గది, గదిలో ఇనప బీరువాల నిండా తెలుగు పుస్తకాలు. వాటి తాళాలు సౌభాగ్య కొంగున ఉంటాయి. జీతం లేదు, కుర్చీ కూడా సరైనది లేదు. మంగళవారం, శనివారం సాయంత్రాలు తలుపు తీసి, ఫ్యాను వేసి, మూలనున్న స్టవ్ మీద టీ పెడుతుంది. పుస్తకం కావాలంటే సౌభాగ్యని అడగాలన్న మాట కాలనీలోనే ఆగకుండా, అర్పా నది దాటి సర్కండా దాకా పాకింది. ఆవిడ చేత్తో ఇచ్చిన పుస్తకం గురి తప్పదని పేరు.

ఆ పేరు ఊరికే రాలేదు. బ్యాంకులో పనిచేసే నీలవేణికి హత్యలు కావాలి. మొదటి పేజీల్లో శవం దొరక్కపోతే పుస్తకం మూసేసే రకం. కొన్నాళ్లు ఆమెకి కావలసినన్ని శవాలు ఇచ్చి, ఒక శనివారం సౌభాగ్య సముద్రం అడుగున బతికే జంతువుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టింది. "ఇవి ఒకదాన్నొకటి ఎలాగ సంపుకుంటాయో సూడండి. మీ డిటెక్టివులు ఏటికీ పనికిరారు" అంది. నీలవేణి మరుసటి వారమే అలాంటిది ఇంకోటి ఉందా అంటూ వచ్చింది. కరెంటు ప్లాంటు ఇంజనీరు దిలీప్‌ది ఇంకో గోల. జరగని సంగతులు ఎందుకు చదవాలని వాదిస్తాడు. అతనికి హిమాలయాల్లో కాలినడకన తిరిగిన ఒకాయన యాత్ర ఇచ్చింది. అది తెచ్చి ఇచ్చిన రోజున, "అదే కొండల్లో ఒకడు తప్పిపోయేడు, వాడి సంగతి ఇది" అని ఒక నవల అంటగట్టింది. పెద్దమనిషి నోరెత్తకుండా పట్టుకెళ్లాడు. వంటలవాళ్లకి చరిత్ర, చరిత్రవాళ్లకి కవిత్వం, అలా ఒకరిని ఇంకో బీరువా దగ్గరికి తోలడం ఆవిడకి మహా సరదా.

ఇంతకీ సౌభాగ్యకి తెలుగు చదవడం రాదు.

తాత శ్రీకాకుళం వైపు నుంచి పట్టాల పనికి వచ్చాడు. తండ్రి బంగార్రాజు లోకో షెడ్డులో ఫిట్టరు. సౌభాగ్య పుట్టింది, పెరిగింది, పెళ్లయి రాంప్రసాద్‌తో కాపురం చేస్తున్నది, అంతా ఈ కాలనీ క్వార్టర్లలోనే. బడి హిందీ మీడియం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బుధవారీ బజార్లో కూరలావిడతో ఛత్తీస్‌గఢీ. ఏ భాషలోనైనా నోరు గట్టిదే. తెలుగు అక్షరాలు మాత్రం ఎవరూ నేర్పలేదు, నేర్పాలని ఎవరికీ తోచనూ లేదు. ఆ గది తాళాలు బంగార్రాజు దగ్గర ఉండేవి. ఆయన పోయాక, ఎవరైనా దొరికేదాకా ఉంచమని సంఘంవాళ్లు కూతురి చేతిలో పెట్టారు. ఎవరూ దొరకలేదు.

మరి ఎలా నెట్టుకొచ్చిందంటే, విని. పుస్తకం తిరిగి ఇవ్వడానికి వచ్చినవాళ్లని కూర్చోబెట్టి, టీ గ్లాసు చేతికిచ్చి, "ఏటి కథ? సెప్పండి" అనేది. చదివినవాళ్లకి చెప్పాలని ఉంటుంది, ఇంట్లో వినేవాళ్లుండరు. పిల్లలందరూ హిందీలో పడ్డారు. అందుకని ఒక్కొక్కరూ పూస గుచ్చినట్టు చెప్పేవారు. సౌభాగ్య చెంపన చెయ్యి పెట్టుకుని, మధ్యలో "అచ్ఛా" అంటూ వినేది. ఒక్క ముక్క మరిచిపోయేది కాదు. అట్ట రంగునీ, కథనీ కలిపి మనసులో పెట్టుకునేది. తర్వాతి మనిషికి చెప్పేటప్పుడు కాస్త ఉప్పూ కారం ఆవిడ సొంతం. ఎవరైనా రచయిత పేరు చెప్పి పుస్తకం అడిగితే, "అది మీకు పడదండి" అని మాట మార్చేది. రిజిస్టరు ముందుకి తోసి, "మీరే రాసీండి, నా రాత కోడిగీత" అనేది.

మొదట్లో అది అబద్ధం కాదు. ఎవరూ అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఒక ఉగాది సభలో అది అబద్ధమైంది. కొత్తగా బదిలీ మీద వచ్చిన ఆఫీసర్ల భార్యలు కొందరు వెనక వరసలో కూర్చుని, "ఏటి, ఏటి" అని రైల్వేవాళ్ల మాటని వెక్కిరిస్తూ, "వీళ్లకి మాట్లాడటమే ఇలా ఉంది, ఇంక చదవడం కూడానా" అని నవ్వుకున్నారు. రిటైరైన గార్డు శంకరరావు చెవిన ఆ మాట పడింది. ఆయన తిన్నగా వేదికెక్కి మైకు అందుకున్నాడు. "మా సౌభాగ్య సదవని పుస్తకం ఆ బీరువాల్లో ఒక్కటి సూపించండి" అన్నాడు. హాలంతా చప్పట్లు. లేచి నిలబడి, అయ్యో బాబాయ్, అది నిజం కాదు అనాల్సిన క్షణం అదే. సౌభాగ్య నేల చూపులు చూస్తూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే తర్వాత చాలాకాలం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆవిడ ముఖం వేడెక్కేది. వేడెక్కడమే గాని, ఎవరితోనూ చెప్పింది లేదు.

వానలు మొదలైన రోజుల్లో ఒక శనివారం మీనాక్షి వచ్చింది. చిన్నపిల్ల, పాతికేళ్లు దాటి ఉంటాయేమో. భర్తకి బ్యాంకు ఉద్యోగం, సర్కండాలో అద్దె ఇల్లు, రాజమండ్రి వైపు నుంచి వచ్చి ఏడాది కాలేదు. ఊళ్లో ఎవరూ తెలియదు. ఫ్యాను కింద కూర్చుని, టీ చల్లారబెట్టుకుని, ఉన్నట్టుండి చెప్పేసింది.

"ఏడో నెలలో బిడ్డ పోయింది ఆంటీ. ఆసుపత్రి నుంచి వచ్చాక నాకు ఏడుపు కూడా రావట్లేదు. ఏదైనా నవ్వొచ్చే పుస్తకం ఇవ్వండి. పిల్లలు పోయే కథ మాత్రం వద్దు."

ఆ సాయంత్రం సౌభాగ్య ఎప్పుడూ పడనంత శ్రమ పడింది. జానపద కథలు తీసింది, అందులో గొడ్రాళ్లూ వరాలూ ఉంటాయని తిరిగి పెట్టేసింది. నీలవేణి శవాలు అసలే వద్దు. యాత్రలు ఒంటరితనం. ఆఖరికి పసుపు అట్ట నవల గుర్తొచ్చింది. శంకరరావు దాన్ని కిందటివారమే తిరిగిచ్చాడు. పెళ్లికి బయల్దేరిన ఉమ్మడి కుటుంబం సగం ఒక రైలూ సగం ఇంకో రైలూ ఎక్కేస్తారనీ, పెళ్లికొడుకు ఒక దిక్కుకీ పంచెల పెట్టె ఇంకో దిక్కుకీ పోతాయనీ, చెప్పలేక చెప్పలేక నవ్వాడాయన. ఆఖరికి ఏమవుతుందని అడిగితే, "అందరూ పెళ్లికి అందుకుంటారు, సుకంగా ఉంటారు" అన్నాడు.

"బెంగ లేకుండా సదువుకోండమ్మా" అని సౌభాగ్య ఆ నవల మీనాక్షి ఒళ్లో పెట్టింది. "ఇందులో ఎవరికీ ఏటీ అవదు. నాది పూచీ."

మరుసటి శనివారం అందరూ వెళ్లిపోయాక మీనాక్షి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. పుస్తకం బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి తియ్యకుండా కూర్చుంది.

"పెళ్లింట్లో పెళ్లికూతురి అక్క కొడుకు జ్వరంతో పోతాడు" అంది. "ఇది మీకు తెలుసు కదా."

సౌభాగ్య ఏదో అనబోయింది గాని మీనాక్షి ఆగలేదు.

"మొదట మీ మీద చచ్చేంత కోపం వచ్చింది ఆంటీ. పుస్తకం విసిరేశాను. తర్వాత ఏడుపొచ్చింది. ఎంత ఏడ్చానంటే మా ఆయన భయపడి సెలవు పెట్టారు. బిడ్డ పోయాక ఏడవడం అదే మొదలు. అంతా అయ్యాక అర్థమైంది. మామూలుగా ఇస్తే తీసుకోనని, నవ్వుల పుస్తకమని చెప్పి ఇచ్చారు. నేను ఏడవాలనే ఇచ్చారు. అవునా?"

కొట్టినా బాగుండేది. తిట్టినా పడేది. దండం పెడుతున్నట్టు చూస్తున్న ఆ పిల్ల ముఖంలోకి చూసి నిజం చెప్పడం సౌభాగ్య వల్ల కాలేదు. తల ఊపింది. ఊపుతూనే తన మీద తనకి అసహ్యం వేసింది.

"ఆ పేజీ దాటి చదవలేకపోయాను" అంది మీనాక్షి. "ఆ తల్లి తర్వాత ఏమవుతుందో మీరే చెప్పండి. బతుకుతుందా?"

"బతుకుతాదమ్మా" అంది సౌభాగ్య. అక్కడితో ఆగినా పోయేది. ఉప్పూ కారం వేసే అలవాటు ఊరుకోదు కదా. "ఆఖర్న మల్లీ నవ్వుతాది కూడాను."

మీనాక్షి పుస్తకం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "అయితే చదువుతాను" అని లేచి వెళ్లిపోయింది.

సౌభాగ్య గదికి తాళం వేసి సరాసరి శంకరరావు క్వార్టరుకి నడిచింది. ఆయన వరండాలో కూర్చుని కాళ్లకి నూనె రాసుకుంటున్నాడు.

"బాబాయ్, ఆ రైలు పెళ్లి నవల్లో పిల్లడు పోయేక ఆ తల్లికి ఏటవుతాది?"

శంకరరావు చెయ్యి ఆగిపోయింది. "పిల్లడు పోతాడేటి?" అన్నాడు. కాసేపు నసిగి, ఆఖరికి ఒప్పుకున్నాడు. "సగం దాకే సదివేనమ్మా. కళ్లు లాగీసేయి. నువ్వేమో ఆఖర్న ఏటయిందని అడిగేవు. నువ్వు సదివీసిందే గదా, నాను సదివేనో లేదో సూస్తన్నావనుకున్నాను. సగంలో వొదిలీసేనంటే నీ ముందర సిన్నతనం గదా అని అలాగ సెప్పీసేను. ఏటి, నీకు తెలీదేటి?"

సౌభాగ్య వెనక్కి తిరిగి నడిచింది. మహా పాఠకురాలి ముందు పరువు పోతుందని ఆ ముసలాయన అబద్ధమాడాడు. ఆ మహా పాఠకురాలే పెద్ద అబద్ధం. ఆయన్ని ఏమని అనగలదు? ఆ పుస్తకం చదివినవాళ్లు ఊళ్లో ఇంకెవరున్నారో తెలియదు, పుస్తకం చూస్తే మీనాక్షి దగ్గరే ఉంది. నూతిలో దూకిన తల్లులూ, రైలు కింద పడిన తల్లులూ ఉన్న కథలు సౌభాగ్య ఎన్ని వినలేదు. తన మాట నమ్ముకుని ఆ పిల్ల ఒక్కో పేజీ తిప్పుతోంది. ఆవిడ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

ఫోనులో అనదగ్గ మాట కాదని ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి నది దాటింది. దారంతా మాటలు కూర్చుకుంది. సగం తప్పు శంకరరావుదని చెబుదామా అనుకుంది. ఆ ఆలోచన వచ్చినందుకు మళ్లీ సిగ్గుపడింది. మీనాక్షి తలుపు తీసేసరికి కూర్చుకున్నవన్నీ పోయాయి. గుమ్మం బయటే నిలబడింది.

"నాను ఆ పుస్తకం సదవలేదమ్మా" అంది. "ఏ పుస్తకమూ సదవలేదు. నాకు తెలుగచ్చరాలు రావు. నలుగురూ సెప్పింది విని సెప్తాను, అంతే. పిల్లడు పోతాడని నాకు తెలీదు. నిన్న సెప్పింది నాను కల్పించేను. ఆ తల్లికి ఏటవుతాదో నాకు తెలీదు. మీరింక సదవకండి."

లోపల కుక్కరు కూత పెడితే మీనాక్షి వెళ్లి కట్టేసి వచ్చింది.

"రాత్రే చదవడం అయిపోయింది ఆంటీ" అంది. "ఆవిడ బతికే ఉంటుంది. చివరి పేజీలో పెళ్లివాళ్ల ఎంగిలి విస్తళ్లు ఎత్తుతూ ఉంటుంది. నవ్వడం ఎక్కడా లేదు. మీరు చెప్పారు కదా, నేనే ఎక్కడైనా వదిలేశానేమోనని వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను."

సౌభాగ్యకి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. చేతులు జోడించబోతే మీనాక్షి వారించింది.

"చదువు రాకపోతే ఏముంది ఆంటీ, మా అమ్మమ్మకీ రాదు. ఈ ఊళ్లో ఒకళ్లు నా ముఖం చూసి, నాకేం కావాలో ఆలోచించి, పుస్తకం ఏరి ఇచ్చారనుకున్నాను. అది తలుచుకునే ఈ వారం గడిచింది." లోపలికి వెళ్లి పసుపు అట్ట నవల తెచ్చి ఇచ్చింది. "ఇంకెవరికైనా ఇస్తే, సగం నుంచి ఎలా ఉంటుందో ముందే చెప్పి ఇవ్వండి."

"ఆలోసించే ఇచ్చేనమ్మా" అంది సౌభాగ్య. "ఆ సాయంత్రమంతా మీ గురించే ఆలోసించేను."

అది నిజం. ఆవిడ ఆ పిల్లతో అన్నవాటిల్లో అంత నిజం ఇంకొకటి లేదు. కానీ నోరు దాటిన మరుక్షణం ఆ మాట, తల్లి ఆఖర్న నవ్వుతుందని చెప్పినప్పటి గొంతుతోనే వినబడింది, మీనాక్షికే కాదు, సౌభాగ్యకి కూడా. ఇంకోసారి చెబితే ఇంకా అబద్ధంలా ఉంటుందని తెలిసి ఊరుకుంది.

"అవునా ఆంటీ" అంది మీనాక్షి, పెద్దావిడతో మర్యాదగా. "మంచినీళ్లు తాగి వెళ్లండి, ఎండెక్కుతోంది."

సౌభాగ్య గుమ్మం బయట నిలబడే నీళ్లు తాగి, గ్లాసు తిరిగిచ్చి, ఆటో కోసం రోడ్డు మీదికి నడిచింది.