నాలుగు చిల్లులకు నడుం చుట్టూ కట్టు

కోక్-జార్ లోయ ఆసుపత్రిలో ఉల్కాన్ ఇరవై తొమ్మిదేళ్లుగా గాయాలకు కట్లు కట్టే నర్సు. పిత్తాశయాన్ని కోసి తీయడమంటే ఏమిటో డాక్టర్ల కంటే ఆవిడకే ఎక్కువ తెలుసు. కుడి పక్కటెముకల కింద జానెడు గాటు, పది రోజులు మంచం, ఒక్కోసారి చీము, దగ్గితే ప్రాణం పోయినంత నొప్పి. అలాంటి పొట్టలు కొన్ని వందలు ఆవిడ చేతుల మీదుగా వెళ్లాయి.

అందుకే కుర్ర డాక్టరు తలాయ్ పొట్టకు నాలుగు చిన్న చిల్లులు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్ మొదలుపెట్టినప్పుడు ముందు మూతి విరిచినా, రెండేళ్లు తిరిగేసరికి దాన్ని ఆవిడంతగా మెచ్చుకున్నవాళ్లు లోయలో లేరు. చీము కట్లు సగానికి సగం తగ్గాయి. మనుషులు మూడో రోజే నడిచి ఇంటికి వెళ్తున్నారు.

మరదలు ఐమ్‌కాన్‌కు పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలితే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది కూడా ఉల్కానే.

"వదినా, నాకేమైనా అయితే?"

"ఉన్న ఒక్క మరదల్ని చంపుకుంటానా? చిన్న గాయమే, నోరు మూసుకుని పడుకో."

ఆపరేషన్ బాగానే జరిగింది. మూడో రోజు ఐమ్‌కాన్ అత్తారింటికి చేరింది.

కోక్-జార్‌లో రోగిని చూడవచ్చిన ఆడవాళ్లు గాయం చూడనిదే లేవరు. గాటు పొడవును బట్టే మర్యాద. జానెడు గాటుకు గొర్రెను కోస్తారు, నలభై రోజులు గరిటె కూడా పట్టనివ్వరు. ఐమ్‌కాన్ చొక్కా ఎత్తితే కనిపించినవి నాలుగు బుల్లి పట్టీలు. అత్తగారు ఫక్కున నవ్వింది.

"ఇంతేనటే! ఉల్లిపాయ తరిగినప్పుడు నాకు ఇంతకంటే ఎక్కువే తెగింది."

ఐదో రోజు ఆ ఇంట్లో పెళ్లికి ఉన్నిని అదిమి కంబళి చేసే పని పడింది. ఆడవాళ్లంతా మోకాళ్ల మీద వరసగా కూర్చుని, వేడినీళ్లు పోసిన ఉన్ని చుట్టను మోచేతులతో అదుముతున్నారు. తానొక్కతే గోడకానుకుని చూస్తూ ఉండటం ఐమ్‌కాన్‌కు సిగ్గనిపించింది. వెళ్లి వరసలో కూర్చుంది. సాయంత్రానికి కడుపునొప్పి. ఉన్ని అదిమినందుకే అనుకుంది. మర్నాడూ నొప్పే, ఆ మర్నాడు జ్వరం. చిల్లులకే ఇంత గోలా అంటారని పళ్లు బిగబట్టింది.

ఎనిమిదో రోజు కుట్లు తీయడానికి వచ్చిన ఉల్కాన్ మరదలి కళ్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"ఎన్నాళ్ల నుంచే ఇది?"

"మూడు రోజులైంది వదినా."

"నాకు కబురు పెట్టొద్దుటే?"

"చిన్న గాయమేనన్నావుగా నువ్వు."

లోపల పిత్తం కారి కడుపంతా పాడైపోయింది. జానెడు గాటు పెట్టి కడగక తప్పలేదు. అయినా మనిషి దక్కలేదు. రెండో రోజున పోయింది. తలాయ్ ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు.

"ఉన్ని వల్ల కాదక్కా. నేను మూసిన చోటే కారింది. అరుదు. కోసి చేసినా కారొచ్చు. నొప్పి మొదలైన రోజే తెచ్చుంటే, సన్న గొట్టం వేసి ఆ పిత్తాన్ని బయటికి తీసేవాళ్లం, బతికేదేమో."

ఆ లోయలో, పోయిన ఆడమనిషికి స్నానం చేయించేది దగ్గరి ఆడవాళ్లే. అత్తగారు ఆ జానెడు గాటు చూసి గుండెలు బాదుకుంది.

"అయ్యో నా తల్లీ, ఎంత గాయమే!"

ఉల్కాన్‌కు ఒళ్లు మండిపోయింది. ఇప్పుడు కనపడిందా నీకు అనబోయింది. చిన్న గాయమని ముందుగా అన్నది ఎవరు? తనే కదా. చెంబు ముంచి, ఆ నాలుగు చిల్లుల మీద మెల్లిగా నీళ్లు పోసింది.

ఎవరడిగినా ఇప్పటికీ చిల్లుల ఆపరేషనే మంచిదంటుంది, అది నిజం కాబట్టి. కానీ రోగిని ఇంటికి పంపేముందు నడుం చుట్టూ నాలుగు వరసలు వెడల్పాటి కట్టు కడుతుంది.

"ఎందుకక్కా అంత గుడ్డ తగలేస్తావు? గాయానికి అక్కర్లేదుగా?" అన్నాడు తలాయ్ ఒకసారి.

"గాయానికి కాదు నాయనా. ఇంట్లోవాళ్ల కళ్లకి."



ముడి వేస్తూ ప్రతి రోగికీ ఒకే మాట చెబుతుంది. "నొప్పొస్తే, చిన్న గాయమే కదా అని సిగ్గుపడకు. వెంటనే నన్ను పిలు." చెప్పి ఊరుకోదు, వాళ్ల చేత తిరిగి చెప్పిస్తుంది. ఐమ్‌కాన్‌కు ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు.